ఇంటి కాపలాకు తుపాకీ కొందామనుకుంటున్నా: షాట్‌గనా, పిస్టలా?

నిద్రలేనివాడు
అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. పన్నెండు రోజుల క్రితం తెల్లవారుజామున మూడింటికి మా వెనక తలుపు దగ్గర టక్కుమని ఒక చప్పుడు, కాసేపాగి ఇంకోటి వినిపించాయి. నేను లేచి లైటు వేసేసరికి ఎవరో పరిగెత్తిన అడుగుల చప్పుడు. పొద్దున చూస్తే తలుపు అంచున ఇనప పలుగు లాంటిది పెట్టి ఎత్తిన గుర్తు ఉంది. రెండంగుళాల మేర పెయింటు లేచిపోయి లోపలి చెక్క తెల్లగా కనబడుతోంది. ఏమీ పోలేదు. పోయింది నా నిద్రే.

ఇంట్లో నేను, నా భార్య, తొమ్మిదేళ్ల బాబు, డెబ్భై దాటిన మా అమ్మ ఉంటాం. పడకగదులన్నీ పైన, వెనక తలుపు కింద. మాకు లైసెన్స్ వచ్చే వీలుంది, కాగితాల సంగతి నేను చూసుకుంటాను. ఒక్కటి చెప్పండి చాలు: షాట్‌గన్ మేలా, పిస్టల్ మేలా? షాట్‌గన్ ఒకేసారి బోలెడు గుళ్లు చిమ్ముతుంది కాబట్టి గురి చూడక్కర్లేదనీ, తూటా ఎక్కించడానికి పంప్ లాగిన చప్పుడుకే దొంగ పారిపోతాడనీ విన్నాను.

సూటిమాట
షాట్‌గన్. రెండో ఆలోచన వద్దు బ్రో. పలుగు పట్టుకుని మూడింటికి వచ్చినవాడు మాట్లాడిపోదామని రాలేదు. వాడు మళ్లీ వస్తాడు, ఈసారి నువ్వు సిద్ధంగా ఉండు.

కుక్కలప్రేమి
ముందు ఒక కుక్కను తెచ్చుకోండి. పెద్దది కానక్కర్లేదు, నోరున్నది చాలు.

పాతసిపాయి
తమ్ముడూ, నువ్వు విన్న రెండు మాటలూ తప్పే. ఇరవై రెండేళ్లు ఆయుధాలతో బతికినవాణ్ణి, కాస్త ఓపిగ్గా చదువు.

గురి సంగతి మొదట. షాట్‌గన్‌లో సాధారణంగా వాడే డబుల్ ఆట్ బక్‌షాట్ అనే రకం తూటాలో ఎనిమిదో తొమ్మిదో గుళ్లుంటాయి, ఒక్కోటి 8.4 మిల్లీమీటర్ల లావు. ఇంట్లో నీకూ ఎదుటివాడికీ మధ్య దూరం ఎంతుంటుంది? నాలుగైదు మీటర్లు. ఆ దూరంలో ఆ గుళ్లు ఒక అరచేయంత మేరకే విచ్చుకుంటాయి. గదంతా పరుచుకునేది సినిమాల్లోనే. గురి చూడాల్సిందే, పైగా తప్పిన ప్రతి గుండుకీ నువ్వే జవాబుదారీ.

ఇక పంప్ చప్పుడు. భయపడే దొంగ లైటు వేస్తేనే పారిపోతాడు, నీ ఇంట్లో జరిగిందదే కదా. భయపడనివాడికి ఆ చప్పుడుతో నువ్వు ఎక్కడున్నావో చెప్పినట్టు అవుతుంది.

మూడోది నువ్వు అడగలేదు కానీ అసలైనది అదే. లోపలి గోడలు ఇటుకవా, జిప్సమ్ బోర్డువా? బోర్డు గోడలైతే పిస్టల్ తూటా, బక్‌షాట్ గుండు, రైఫిల్ తూటా అన్నీ ఒకటికి రెండు గోడలు దాటిపోతాయి. దొంగను ఆపగల తూటా ఏదైనా బోర్డును కూడా దాటుతుంది, అందులో మొహమాటం ఉండదు. అమెరికన్ శిక్షకుడు జెఫ్ కూపర్ పెట్టిన నాలుగు సూత్రాలు ప్రపంచమంతా నేర్పుతారు. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకో. కాల్చదలచుకోని దానివైపు తుపాకీ మూతి తిప్పకు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకు. నాలుగోది, నీ గురి ఏమిటో దాని వెనక ఏముందో తెలుసుకో. మెట్ల పైన నిలబడి కిందికి గురి పెడితే నీ గురి వెనక ఏముంటుంది? మెట్ల కింద నిలబడి పైకి పెడితే? ఇంట్లో ఒకసారి నడిచి చూడు. ఇంకా కొనలేదు కదా, వట్టి చేతుల్తోనే నడువు.

తాళాలపని
నేను తాళాల పని చేస్తాను, తుపాకీల గురించి నాకేమీ తెలియదు. మీ వెనక తలుపు గురించి అడుగుతాను. తలుపు మూసినప్పుడు బోల్టు వెళ్లి కూర్చునే ఇనప పట్టీ చౌకట్టుకు బిగించి ఉంటుంది చూడండి. దానికున్న స్క్రూల్లో ఒకటి ఊడదీసి పొడవెంతో చెప్పండి. అలాగే బోల్టు బయటికి ఎంత పొడుచుకొస్తుందో కూడా స్కేలుతో కొలవండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

సూటిమాట
> తుపాకీల గురించి నాకేమీ తెలియదు

మనిషి తుపాకీ గురించి అడిగితే స్క్రూల లెక్క ఏంటి సార్ 😄

నిద్రలేనివాడు
నవ్వొచ్చింది కానీ ఊడదీశాను. 18 మిల్లీమీటర్లు. తుప్పు పట్టింది, చివర చెక్కపొడి అంటుకుని ఉంది. రెండో స్క్రూ స్క్రూడ్రైవర్ ముట్టుకోగానే గిరగిరా తిరిగింది, దాన్నేదీ పట్టుకుని లేదు. బోల్టు బయటికి వచ్చేది 12 మిల్లీమీటర్లు.

పాతసిపాయి గారూ, పై అంతస్తు లోపలి గోడలు బోర్డువే. బాబు గదికీ మెట్లకీ మధ్య ఉన్నది ఆ గోడే.

తాళాలపని
అనుకున్నదే. ఇప్పుడు నెమ్మదిగా చదవండి.

తలుపును తన్ని తెరిచినా పలుగుతో ఎత్తినా తాళం విరిగేది తక్కువ, చౌకట్టు చీలేదే ఎక్కువ. వేలు పోసి మంచి తాళం కొంటారు, ఆ తాళాన్ని పట్టుకుని నిలబడాల్సిన పట్టీకి మాత్రం పెట్టెలో వచ్చిన పొట్టి స్క్రూలు కొడతారు. 18 మిల్లీమీటర్ల స్క్రూ చౌకట్టు పైచెక్కను దాటదు. ఒక్క బలమైన తన్నుకు ఆ చెక్క నిలువునా పగులుతుంది, బోల్టు చెక్కుచెదరకుండా తలుపుతో పాటే లోపలికొస్తుంది.

చేయాల్సింది చెబుతాను. చెక్క చట్రం మీద కట్టిన గోడైతే 75 మిల్లీమీటర్ల స్క్రూలు వేయాలి, అవి చౌకట్టు దాటి వెనకున్న నిలువు దుంగలోకి దిగుతాయి. ఇటుక గోడైతే చౌకట్టులోంచి గోడలోకి యాంకర్ బోల్టులు దించాలి. పొట్టి పట్టీ తీసేసి పొడుగాటిది వేయండి, బలం ఒక్కచోట పడకుండా పంచుకుంటుంది. కీళ్ల వైపూ ఇంతే, ఒక్కో కీలుకు కనీసం ఒక పొడుగు స్క్రూ. అందరూ తాళం వైపే చూస్తారు, కీళ్లవైపు పలుగు పెట్టేవాడికి అది వరం. తలుపు బయటికి తెరుచుకునేదైతే కీలు పిన్ను బయటే కనబడుతుంది, లాగితే వచ్చేస్తుంది. అలాంటి చోట పిన్ను ఊడిరాని రకం కీళ్లు వేయాలి.

బోల్టు కనీసం 25 మిల్లీమీటర్లు బయటికి రావాలి. అమెరికన్ ప్రమాణాల్లో డెడ్‌బోల్టులకు (స్ప్రింగు లేకుండా, తాళం తిప్పితేనే కదిలే గట్టి బోల్టులు) మూడు గ్రేడ్లుంటాయి, 1 అన్నిటికంటే గట్టిది, 3 అన్నిటికంటే తేలిక. పెట్టె మీద అంకె చూసి కొనండి.

ఒక హెచ్చరిక. పక్కన గాజు ఉంటే దాన్ని పగలగొట్టి చెయ్యి దూర్చి తెరుస్తారేమోనని లోపలి నుంచి కూడా తాళంచెవితోనే తెరిచే డెడ్‌బోల్టు పెట్టించుకుంటారు కొందరు. మంటలంటుకున్న రాత్రి పొగలో తాళంచెవి వెతుక్కోవాలి. నేను పెట్టను, పెట్టమన్నా ఒప్పుకోను. కిటికీ కమ్మీలకూ ఇదే మాట: పడకగది కమ్మీల్లో ఒకటైనా లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి.

తీగలమనిషి
తాళాలపని గారు చెప్పినదానికి కొనసాగింపు. నాది అలారాలు, కెమెరాలు బిగించే పని.

ఇంటి భద్రత అంటే ఉల్లిపొర లెక్క. బయటి పొర దొంగను వెనక్కి తిప్పాలి, తర్వాతిది వాడొచ్చాడని మీకు చెప్పాలి, ఆ తర్వాతిది ఆలస్యం చేయాలి, చివరిది మీరు సాయం పిలిచేదాకా నిలబెట్టాలి. ఈ వరసలో మెలిక ఒకటుంది. పసిగట్టేది ముందు, ఆలస్యం తర్వాత ఉండాలి. తలుపు పది నిమిషాలు ఆగినా, వాడు లోపలికొచ్చాకే అలారం మోగితే ఆ పది నిమిషాలూ వాడివే. మీ ఇంట్లో మోషన్ సెన్సర్ ఎక్కడుంది? చాలామంది హాల్లో పెడతారు, అంటే దొంగ హాల్లోకి వచ్చాక తెలుస్తుంది. తలుపుకీ కిటికీలకీ అవి తెరుచుకోగానే పసిగట్టే కాంటాక్ట్ సెన్సర్, చౌకట్టుకు కంపనం పసిగట్టే సెన్సర్ పెడితే పలుగు తగలగానే మోగుతుంది.

మోషన్ సెన్సర్ (పీఐఆర్ అంటాం) చూసేది ఒంటి వేడిని. మనిషి దానికి అడ్డంగా నడిస్తే బాగా పట్టుకుంటుంది, సూటిగా దానివైపే నడిచొస్తే ఆలస్యంగా పడుతుంది. అందుకే తలుపుకు ఎదురుగా కాకుండా పక్కగోడకు బిగించాలి. కిటికీ లోపల పెట్టి బయటివాణ్ణి పట్టుకోమంటే పట్టుకోదు, ఆ వేడి కిరణాలు గాజు దాటవు. ఇది తెలియక డబ్బు పోసినవాళ్లను చాలామందిని చూశాను.

కెమెరా మాట కూడా చెప్పేస్తా. చూరు కింద ఎత్తున పెడితే వచ్చేది టోపీ వీడియో. ఒకటి ఎత్తున పెట్టి మొత్తం చూడండి, ఇంకోటి తలుపు దగ్గర మొహం ఎత్తులో ఉండాలి. వైఫైని మూగబోయించే పరికరాలు దొంగల చేతికీ వస్తాయి కాబట్టి ముఖ్యమైన కెమెరాకైనా తీగ లాగండి. రూటర్‌కూ రికార్డర్‌కూ చిన్న యూపీఎస్ పెట్టండి. కరెంటు పోయినప్పుడు నిద్రపోయే కెమెరా కంటే కెమెరా లేకపోవడం నయం, కనీసం ఉందన్న భ్రమ ఉండదు.

ఇద్దరుపిల్లలతల్లి
మా వెనక తలుపు సగం గాజే. టఫెన్డ్ గ్లాస్ అన్నారు, అది పగలదు కదా?

తాళాలపని
పగులుతుందమ్మా, అదీ ఒక్కసారిగా. టఫెన్డ్ గాజుకు మొద్దుదెబ్బ తట్టుకునే బలం ఉంది, మొనతేలిన వస్తువు తగిలితే మొత్తం చిన్న చిన్న పలుకులై రాలిపోతుంది. అది మనిషికి కోసుకోకుండా ఉండాలని చేసింది, దొంగను ఆపాలని కాదు. మీకు కావాల్సింది లామినేటెడ్. రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది, కారు ముందు అద్దంలా. పగిలినా ఊడిపడదు, సాలెగూడులా వేలాడుతుంది. చెయ్యి దూరే కన్నం చేయాలంటే వాడు చప్పుడు చేస్తూ కొడుతూనే ఉండాలి. 1903లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త ఎడ్వార్ బెనెడిక్టస్ కింద పడిన ఫ్లాస్కు ముక్కలు కాకపోవడం చూసి పట్టుకున్న కిటుకు ఇది, లోపల ఎండిన సెల్యులోజ్ నైట్రేట్ పొర దాన్ని పట్టి ఉంచిందట. గాజు మార్చే వీలు లేకపోతే లోపలివైపు సెక్యూరిటీ ఫిల్మ్ అంటించండి, అంచులు ఫ్రేముకు కలిపి అతికిస్తేనే పనిచేస్తుంది.

సూటిమాట
అందరూ చెప్పేది విన్నాను. స్క్రూలు, గాజు, సెన్సర్లు అన్నీ బాగున్నాయి. అన్నీ దాటుకుని వాడు లోపలికొచ్చాడు అనుకుందాం. పోలీసులు వచ్చేసరికి ఎంతసేపు పడుతుందో మీకూ తెలుసు నాకూ తెలుసు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు ఉంటుంది. అప్పుడు స్క్రూడ్రైవర్‌తో ఆపుతారా? చివరి పొర అని మీరే అంటున్నారు, ఆ చివరి పొర పేరు చెప్పడానికి ఎందుకంత మొహమాటం?

పాతసిపాయి
మొహమాటం లేదు, నువ్వన్నది నిజమే. అన్నీ విఫలమైన చోట ఇంకేదో ఉండాలి. నా ఇంట్లోనూ ఉంది. కానీ అది చివరిది, జనం మొదట కొనేది దాన్నే. అక్కడే వస్తుంది చిక్కు.

లెక్క వేద్దాం. 1983లో అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు సార్జెంట్ డెన్నిస్ ట్యూలర్ ఒక పరీక్ష పెట్టాడు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగులు, అంటే 6.4 మీటర్లు, పరిగెత్తుకొచ్చి మీద పడటానికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుందని తేలింది. శిక్షణ ఉన్న పోలీసు నడుముకున్న తుపాకీ తీసి కాల్చడానికీ దాదాపు అంతే. నీ తుపాకీ నడుముకు ఉండదు, సేఫ్‌లో ఉంటుంది. నిద్రమబ్బులో, చీకట్లో, చేతులు వణుకుతూ ఆ సేఫ్ తెరవాలి. కాబట్టి తలుపు నీకు ఎన్ని సెకన్లు ఇస్తుందో తెలియకుండా తుపాకీ కొంటే ఆ తుపాకీ దొంగ చేతికి కూడా పోవచ్చు. తాళాలపని గారి స్క్రూలు నీకిచ్చేది ఆ సెకన్లే.

రాత్రిడ్యూటీ_నర్సు
నేను ఎమర్జెన్సీలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఇంట్లో తుపాకీ వల్ల వచ్చిన కేసుల్లో దొంగను కాల్చినవి నా చేతుల మీదుగా ఒక్కటీ వెళ్లలేదు. వెళ్లినవి పిల్లలవి, భార్యలవి, మనసు బాగోలేని రోజున ఒంటరిగా ఉన్నవాళ్లవి. ఇది నా అనుభవం మాత్రమే, కానీ పరిశోధనలూ ఆ దిక్కే చూపిస్తాయి. 1993లో కెల్లర్‌మన్ బృందం అమెరికాలో చేసిన అధ్యయనంలో, తుపాకీ ఉన్న ఇళ్లలో ఇంట్లోనే హత్య జరిగే అవకాశం 2.7 రెట్లుగా తేలింది. 2020లో కాలిఫోర్నియాలో 2.6 కోట్ల మందిని పరిశీలించిన అధ్యయనం వచ్చింది. చేతి తుపాకీ ఉన్నవాళ్లలో అన్ని రకాల ఆత్మహత్యలు కలిపి చూసినా మగవాళ్లలో మూడు రెట్లకు పైగా, ఆడవాళ్లలో ఏడు రెట్లు ఎక్కువ.

నిద్రలేనివాడు గారూ, మీ పేరు చూసి అడుగుతున్నాను, పన్నెండు రోజులుగా నిద్రలేదన్నారు. ఇంట్లో అందరూ బాగున్నారా? మీరు బాగున్నారా?

సూటిమాట
1993 అధ్యయనం మీద బోలెడు విమర్శలున్నాయి మేడమ్. ప్రమాదం ఉన్నవాడే తుపాకీ కొంటాడు, కాబట్టి తుపాకీ వల్లే ప్రమాదం వచ్చిందనలేం. గొడుగులు ఎక్కువున్న చోట వాన ఎక్కువ, గొడుగు వల్ల వాన వచ్చిందా?

రాత్రిడ్యూటీ_నర్సు
ఆ విమర్శ న్యాయమైనదే, ఒప్పుకుంటాను. ఆ ఒక్క అంకెతో తీర్పు చెప్పకూడదు. పిల్లల సంగతి మాత్రం వినండి. 2001లో అమెరికన్ పిల్లల వైద్యుల పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. 8 నుంచి 12 ఏళ్ల అబ్బాయిల్ని ఇద్దరు ముగ్గురు చొప్పున ఒక గదిలో వదిలారు. ఒక సొరుగులో తూటాల్లేని అసలు పిస్టల్ పెట్టి, అద్దం వెనక నుంచి చూశారు. తుపాకీ కనబడిన 48 మంది పిల్లల్లో 30 మంది దాన్ని చేతిలోకి తీసుకున్నారు, 16 మంది ట్రిగ్గర్ నొక్కారు. పట్టుకున్నవాళ్లలో, నొక్కినవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా 'తుపాకీ ముట్టుకోకూడదు' వంటి పాఠం అప్పటికే విన్నవాళ్లే.

వీళ్ల బాబుకు తొమ్మిదేళ్లు.

ఇద్దరుపిల్లలతల్లి
ఇది చదివి లేచి వెళ్లి మా వారి అల్మరా చూసొచ్చాను. తాళం వేసే ఉంది. తాళంచెవి అల్మరా పైనే ఉంది. మా చిన్నాడు కుర్చీ జరుపుకుని బిస్కట్ డబ్బా దింపుకునేది సరిగ్గా అంత ఎత్తు నుంచే.

పాతసిపాయి
ఆ తాళంచెవి ఈ రాత్రికే తియ్యండమ్మా. 2005లో ఒక అధ్యయనం నాలుగు అలవాట్లను విడివిడిగా చూసింది: తుపాకీని తూటాల్లేకుండా ఉంచడం, తాళంలో ఉంచడం, తూటాలకు వేరే తాళం వేయడం, రెండూ వేర్వేరు చోట్ల పెట్టడం. నాలుగింట్లో ప్రతి ఒక్కటీ పిల్లలకు రక్షణగానే తేలింది. రాత్రి అందుబాటులో కావాలంటే గోడకో మంచానికో బోల్టు చేసిన చిన్న సేఫ్ పెట్టుకోండి. అంకెల మీటలున్నది మేలు, వేలిముద్ర సేఫ్ చెమట చేతికీ తడి చేతికీ మొరాయిస్తుంది. బ్యాటరీ మార్చే రోజు క్యాలెండర్‌లో రాసుకోండి. సంఖ్య పిల్లల పుట్టినరోజు కాకూడదు, వాళ్లు మొదట నొక్కేది అదే.

నల్లకోటు
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏ దేశంలో ఉన్నారో అక్కడి చట్టం చదవండి, ఇక్కడ చదివింది కోర్టులో చెల్లదు. మూలసూత్రం మాత్రం చాలాచోట్ల ఒకేలా ఉంటుంది: ప్రమాదం అప్పటికప్పుడు ఎదురుగా ఉండాలి, వాడిన బలం ఆ ప్రమాదానికి తగ్గట్టు ఉండాలి. 'ఎవరి ఇల్లు వారికి కోట' అన్న మాటను ఇంగ్లండులో 1604 నాటి సెమైన్ కేసు నుంచి అందరూ వల్లిస్తారు. కోట అన్నంత మాత్రాన కోటలో ఏం చేసినా చెల్లుతుందని కాదు.

1999లో ఇంగ్లండులో టోనీ మార్టిన్ అనే రైతు రాత్రి తన ఇంట్లో చొరబడ్డవాళ్ల మీద షాట్‌గన్ పేల్చాడు. చనిపోయినవాడికి పదహారేళ్లు. పారిపోతున్నవాణ్ణి కాల్చాడన్నది ప్రాసిక్యూషన్ వాదన. హత్యకు శిక్ష పడింది, అప్పీలులో 2001లో దాన్ని తగ్గించారు, అయినా 2003 దాకా జైల్లోనే ఉన్నాడు. 2013 ఫిబ్రవరి 14న దక్షిణాఫ్రికాలో పరుగుల వీరుడు ఆస్కార్ పిస్టోరియస్ మూసి ఉన్న బాత్రూమ్ తలుపులోంచి నాలుగుసార్లు కాల్చాడు. లోపలున్నది దొంగ అనుకున్నానన్నాడు. ఉన్నది ప్రియురాలు రీవా స్టీన్‌క్యాంప్. అతని మాట నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం, తలుపు వెనక ఉన్నదెవరో చూడకుండా కాల్చాడన్నది మాత్రం తిరుగులేని నిజం. 2015లో పై కోర్టు దాన్ని హత్యగానే తేల్చింది.

సూటిమాట
పిస్టోరియస్‌ది వేరే కథ, దాన్ని ఇందులోకి లాగడం అన్యాయం.

నల్లకోటు
వేరే కథే కావచ్చు. తలుపు మాత్రం తలుపే.

నిద్రలేనివాడు
నిన్న రాత్రి రాద్దామనుకుని రాయలేకపోయాను, ఇప్పుడు రాస్తున్నా.

పాతసిపాయి గారు చెప్పినట్టు వట్టి చేతుల్తో నడిచి చూశాను. నా భార్య ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టింది. సేఫ్ ఉందనుకుని బీరువా నాలుగంకెల మీటలు నొక్కి, టార్చి తీసుకుని, మెట్ల తలకు వెళ్లాలి. వెలుతురులో 14 సెకన్లు. లైట్లార్పి చేస్తే 23, అందులో ఒకసారి తప్పు అంకె నొక్కాను. అప్పటికి సరదాగానే ఉంది.

మూడోసారి నిజంగా చేద్దామని రెండున్నరకు అలారం పెట్టుకున్నాను. మోగింది, లేచాను, మీటలు నొక్కాను. టార్చిని రెండు చేతుల్తో తుపాకీలా పట్టుకుని వరండాలోకి వచ్చాను. మెట్ల దగ్గర ఏదో కదిలింది. గుండె గొంతులోకొచ్చింది. టార్చి నొక్కితే వెలుతురు సూటిగా మా అమ్మ మొహం మీద పడింది. చెంబు పట్టుకుని నీళ్లకు కిందికి దిగబోతోంది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని 'ఏంట్రా, కరెంటు పోయిందా?' అంది.

బాగా ఆలోచిస్తే, నేను చూసి టార్చి నొక్కలేదు. నొక్కాక చూశాను. బొటనవేలు ముందు కదిలింది.

ఆ వెనక తలుపు చప్పుడు విన్న రాత్రి కూడా అమ్మ లేచే ఉందట. ఆమెకు రోజూ రెండు మూడు సార్లు లేవడం అలవాటు. పన్నెండు రోజులుగా నేను తుపాకీ రకాలు చదువుతున్నాను కానీ, రాత్రి ఇంట్లో ఎవరు తిరుగుతారో నాకు తెలియదు.

పాతసిపాయి
తమ్ముడూ, బొటనవేలు మాట రాయడానికి ధైర్యం కావాలి. నా సర్వీసులో తోటివాళ్లు ఇలాంటివి తాగినప్పుడు తప్ప చెప్పరు.

పిస్టల్‌కు టార్చి బిగించుకుంటే సరిపోతుందని ఎవరో ఒకరు చెబుతారు, అందుకే ముందే అంటున్నా. ఆ టార్చితో మొహం చూడాలంటే మూతి కూడా ఆ మొహం మీదకే వెళ్తుంది. వెతికే టార్చి ఎప్పుడూ వేరే చేతిలో ఉండాలి. అంతకంటే ముందు నోరు తెరిచి 'ఎవరది?' అనాలి. ఇంట్లోవాళ్లయితే జవాబిస్తారు.

రాత్రిడ్యూటీ_నర్సు
మెట్ల దగ్గరా వరండాలోనూ కాలి ఎత్తులో సెన్సర్ బల్బులు పెట్టండి. అమ్మగారు పడిపోకుండా ఉంటారు, మీకు ఎవరో కనబడుతుంది. మూసిన ఇంట్లో తుపాకీ పేలితే చప్పుడు 150 డెసిబెల్స్ దాటుతుంది, చెవికి శాశ్వతంగా హాని జరగడానికి 140 చాలు. ఆ మోత తర్వాత బాబు 'నాన్నా' అని పిలిచినా మీకు వినబడకపోవచ్చు. ఇదీ లెక్కలో వేసుకోండి.

తీగలమనిషి
మీ ఇంటికి సరిపడే పద్ధతి చెబుతా, తుపాకీ ఉన్నా లేకున్నా పనికొస్తుంది. చప్పుడైతే వెతకడానికి కిందికి దిగకండి, అందరూ ఒక గదిలో చేరండి. అమ్మగారి గది అయితే నయం, ఆమెను కదిలించక్కర్లేదు. ఆ గది తలుపు లోపల డొల్ల ఉన్న రకమైతే తీసేసి గట్టి చెక్కది వేయించండి, తాళాలపని గారి పొడుగు స్క్రూలు దానికీ కొట్టించండి. లోపల ఛార్జింగ్‌లో ఒక ఫోను, ఒక టార్చి, అలారం మోగించే మీట పెట్టండి. తలుపేసుకుని పోలీసులకు ఫోన్ చేసి లైన్‌లోనే ఉండండి. కింద వాడు టీవీ పట్టుకుపోతే పోనివ్వండి. బాబుకు ఒక మాట నేర్పండి, అది వినగానే ప్రశ్నలేమీ వేయకుండా నానమ్మ గదికి రావాలి.

సూటిమాట
నేను మాట మార్చుకోవడం లేదు, ఆ గదిలో సేఫ్ ఉంటే ఇంకా మేలు అనే అంటాను. కానీ కిందికి దిగి వెతకొద్దన్నదానికి నాకూ అభ్యంతరం లేదు. ఒక గది, ఒక తలుపు. ఆ తలుపు పగలగొట్టుకుని వచ్చినవాడు ఇంట్లోవాడు కాడని అప్పుడు ఖాయంగా తెలుస్తుంది. గోడల మాట కూడా నిజమే, బాబు నీ వెనక ఉంటే బాబు గది గోడ గొడవ ఉండదు.

పాతసిపాయి
ఇన్ని రోజులకు మనిద్దరం ఒక మాట మీదికొచ్చాం.

కుక్కలప్రేమి
కుక్క సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

నిద్రలేనివాడు
వారం తర్వాత వచ్చాను. 75 మిల్లీమీటర్ల స్క్రూలు వేయించాను, వెనక తలుపుకు ఆరు, ముందు తలుపుకు ఆరు, అమ్మ గదికి నాలుగు. పాత చౌకట్టులో పొడుగు స్క్రూ దిగుతున్నప్పుడు చివర్లో డ్రిల్ గొంతు మారింది, అప్పటిదాకా గోలగా తిరిగింది ఒక్కసారి బరువెక్కింది. వెనక దుంగలోకి దిగిందని చూడకుండానే తెలిసిపోయింది. కాంటాక్ట్ సెన్సర్లు పెట్టాం. మెట్ల మీద బల్బులు పెట్టాం. బాబుకు మాట నేర్పాం, పగలు రోజుకు పదిసార్లు వాడే అరుస్తున్నాడు.

లైసెన్స్ దరఖాస్తు సొరుగులోనే ఉంది. చించలేదు, పంపలేదు. శిక్షణ తరగతికి మాత్రం పేరిచ్చాను, అది అయ్యాక చూస్తా. నిద్ర కాస్త పడుతోంది. నర్సు గారూ, అడిగినందుకు థాంక్స్, డాక్టర్‌ను కలిశాను.

తాళాలపని గారూ, ముందు తలుపుకు యూరో సిలిండర్ తాళం (తాళంచెవి దూరే భాగం విడిగా ఊడివచ్చే లోహపు ముక్కగా ఉండే రకం) ఉంది. హ్యాండిల్ పలక కంటే కొంచెం బయటికి పొడుచుకొచ్చినట్టుంది. దాంతో ఏమైనా ఇబ్బందా?

తాళాలపని
ఉంది. పలకను దాటి 3 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ బయటికుంటే పట్టకారుతో పట్టుకుని విరిచేస్తారు. మధ్యలో స్క్రూ కన్నం ఉన్నచోట లోహం పల్చగా ఉంటుంది, అక్కడే తెగుతుంది. స్కేలు పెట్టి కొలవండి. మధ్య స్క్రూ నుంచి బయటివైపు ఎంత, లోపలివైపు ఎంత, రెండూ విడివిడిగా రాయండి. ఆ స్క్రూ ఇప్పుడే ఊడదీయకండి, సిలిండర్ చేతికొచ్చేస్తుంది, రాత్రికి తలుపు తెరిచి పడుకోవాలి.

నిద్రలేనివాడు
బయటికి 40, లోపలికి 35. పలక నుంచి పొడుచుకొచ్చింది 6.

తాళాలపని
35-35 తెచ్చుకోండి, యాంటీ స్నాప్ రకం, అంటే ఇలా విరిచినా తాళం తెరుచుకోనిది. అది వచ్చేదాకా లోపలి గడియ కూడా వేసుకుని పడుకోండి.